స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో గ్రామర్ ఆపేయొచ్చా?

కాలవగట్టు_మాస్టారు:
అమలాపురం దగ్గర ఒక ఊళ్లో సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతున్నానండి. బ్యాచ్‌లో ఇరవై మంది. సగం డిగ్రీ పిల్లలు, ముగ్గురు రొయ్యల మేత అమ్మే కుర్రాళ్లు, నలుగురు గల్ఫ్ వీసా కోసం చూస్తున్నవాళ్లు. బోర్డు మీద యాక్టివ్ వాయిస్ రాస్తే టకటకా పాసివ్‌లోకి మార్చేస్తారు. ‘నిన్న ఎక్కడికెళ్లావు’ అని ఇంగ్లీషులో అడిగితే మాత్రం నేలచూపులు. అందుకే వచ్చే బ్యాచ్‌కి మూడు నెలలు గ్రామర్ మాటే ఎత్తకుండా మాట్లాడిద్దామనుకుంటున్నాను. నోట్సు నిండకపోతే ఫీజు దండగని తల్లిదండ్రులు అంటున్నారు. మీరేమంటారు?

పాలకొల్లు_రిటైర్డ్:
ఆపొద్దండి. ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పాను. వింటూ వింటూ అదే వస్తుందనేవాళ్లు ఒక్కటి మర్చిపోతారు: వినడానికి మన దగ్గర ఇంగ్లీషు ఏదీ? పాలకొల్లు బస్టాండులో ‘ఎ’, ‘ద’ తేడా ఎవరి నోట వినిపిస్తుంది? తెలుగులో ఆర్టికల్స్ అనేవే లేవు. లేనిదాన్ని పిల్లాడు ఊహించుకోలేడు కదా, చెప్పాలి. తూము ఎత్తితే చాలదు మాస్టారూ, చేలోకి బోదె కూడా తవ్వాలి.

నర్సాపురం_అక్క:
నేను కువైట్‌లో తొమ్మిదేళ్లు చేసి వచ్చాను. ఇంట్లో అరబ్బీ, షాపులో, క్లినిక్‌లో ఇంగ్లీషు. గ్రామర్ ఎవరూ నేర్పలేదు, ఆకలే నేర్పింది. ఏడాదికి ధారాళంగా మాట్లాడేశాను. కానీ ఒకసారి జ్వరమొచ్చి క్లినిక్‌కి వెళ్లాను. ‘ఐ యామ్ టేకింగ్ టాబ్లెట్’ అన్నాను. పొద్దున ఒకటి వేసుకున్నానని నా ఉద్దేశం. రోజూ వాడుతున్నానని నర్సు రాసుకుంది. తర్వాత మా కేరళ నర్సమ్మే కూర్చోబెట్టి ‘ఐ టుక్’ అని నేర్పింది. ఆ ఒక్క పాఠం ఇప్పటికీ మర్చిపోలేదు. మాట ముందొచ్చింది కాబట్టే రూలు ఎందుకో అర్థమైందేమో మాస్టారూ.

భీమవరం_బ్యాండ్:
ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష) రాసేవాళ్ల కోసం చెబుతున్నా. స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. మార్కులు నాలుగింటికి సమానంగా పంచుతారు: ధారాళత, పదసంపద, గ్రామర్, ఉచ్చారణ. అంటే గ్రామర్ పావు వంతు. రెండో భాగంలో ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాల దాకా ఆగకుండా మాట్లాడాలి. మావాళ్లు చాలామంది బట్టీ పట్టిన జవాబుతో మొదలుపెట్టి, అది అయిపోగానే బొమ్మలా నిలబడిపోతారు.

దిండి_దారి:
మాస్టారూ, ఆపడమా కొనసాగించడమా అన్న ప్రశ్నే నాకు నచ్చలేదు. ఏ గ్రామర్, ఎప్పుడు అనేది అడగాలి.

మీవాళ్లు నేలచూపులు చూసేది సిగ్గుతోనే అనుకోకండి. మన వాక్యంలో క్రియ చివర్లో కూర్చుంటుంది. ఇంగ్లీషులో కర్త వెనకాలే వచ్చేయాలి. కుర్రాడు వాక్యమంతా తెలుగులో పేర్చుకుని, తోక పట్టుకుని ముందుకి లాగుతుంటాడు. ఆ లాగే టైములో మనం ‘చెప్పు చెప్పు’ అని టెన్షన్ పెడతాం. ‘నిన్న మీరిచ్చిన పుస్తకం’ చూడండి. మనకి పుస్తకం ఆఖర్న వస్తుంది, వాళ్లకి మొదట్లోనే. ‘తిన్నాను’ అన్న ఒక్క మాట ‘ఐ ఏట్’కీ ‘ఐ హ్యావ్ ఈటెన్’కీ సరిపోతుంది, అందుకే ‘ఐ సా హిమ్’ అనాల్సిన చోట ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే’ పుడుతుంది. ‘కదా’ ఒక్కటే కాబట్టి అన్నిటికీ ‘ఈజంట్ ఇట్’ తగిలిస్తాం. ‘ఎక్కడున్నాడో తెలీదు’ అనబోయి ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి’ అంటాం. ఈ నాలుగైదు చోట్లే మన కాలు జారేది. పాసివ్ వాయిస్ దగ్గర కాదు, సంభాషణలో దాని అవసరమే తక్కువ.

ముందు ఏదో ఒక పని ఇచ్చి మాట్లాడించాలి. ఇది నా కల్పన కాదు, ఇంగ్లీషు బోధన నిపుణుడు ఎన్.ఎస్.ప్రభు 1979లో దక్షిణాది స్కూళ్లలో ఇలాంటి ప్రయోగమే మొదలుపెట్టారు, 1984 దాకా నడిచింది. పిల్లలకి రైళ్ల టైమ్ టేబుళ్లు, మ్యాపులు ఇచ్చి లెక్క తేల్చమన్నారు, గ్రామర్ పాఠం విడిగా చెప్పలేదు. నేను ఆయన కన్నా ఒక అడుగు వెనక్కి వేస్తాను, గ్రామర్ కొంచెం విడిగానూ చెబుతాను.

మీ దగ్గర మేత కుర్రాళ్లున్నారు కదా. ఒకడు రైతు, ఒకడు బయటి ఊరి కొనుగోలుదారు. ముప్పై కౌంట్ (కిలోకి ముప్పై తూగే) రొయ్య, రాత్రి కరెంటు పోయి చెరువులో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయి, రేపే పట్టుబడి, కిలో ధర తేలాలి. అయిదు నిమిషాలు ఫోన్లో మాట్లాడినట్టు చేయించండి. మధ్యలో దిద్దొద్దు. వాళ్లన్న తప్పుల్లో అయిదు వాక్యాలు పేరు చెప్పకుండా బోర్డెక్కించి, అందరి చేతా బాగు చేయించండి. తర్వాత అదే బేరం మళ్లీ ఆడించండి. రెండోసారి ఎలా మారుతుందో చూసి చెప్పండి.

తణుకు_నాన్న:
బాగానే ఉందండి, కానీ మా అబ్బాయి పదో తరగతి. వాళ్ల మాస్టారు వాయిస్ మార్చమంటారు, రొయ్యల బేరం ఆడమనరు. ఈ నెలలో ఏది చదివించాలి?

దిండి_దారి:
పరీక్ష పేపర్లో అడిగేదేనండి, మొహమాటం లేకుండా. పరీక్ష అయ్యాక మా క్లాసుకి పంపండి.

పాలకొల్లు_రిటైర్డ్:
ఆర్టికల్స్ సంగతి తేల్చలేదు బాబూ. బోర్డెక్కించిన అయిదు వాక్యాల్లో మూడింట్లో ‘ద’ తప్పే ఉంటుంది, అప్పుడు నా పాఠమే చెప్పుకోవాలి.

దిండి_దారి:
చెప్పండి మాస్టారూ, కాదన్నదెవరు? ఆ మూడు వాక్యాలూ వాడివే కాబట్టి ఈసారి వింటాడు.

కాలవగట్టు_మాస్టారు:
నిన్న చేయించి చూశానండి. మొదటి విడత గందరగోళం, ఒకడు ‘ప్రాన్ ఈజ్ డైడ్ సర్’ అన్నాడు, క్లాసంతా నవ్వింది. బోర్డు దగ్గర వాడే దిద్దాడు. రెండోసారి ధర మీద గొడవపడేంత ధైర్యం వచ్చింది, మూడు రూపాయలు తగ్గించి మరీ ఒప్పించాడు. గ్రామర్ ఆపడం లేదు, బోర్డు మీదకి ఏం వస్తే అది. నోట్సులో కూడా ఎవరి తప్పులు వాళ్లే రాసుకుంటున్నారు. కాకపోతే ఇవాళ ఒక తల్లి పుస్తకం తెరిచి ‘ఇదేంటండీ, తప్పులు రాయిస్తున్నారు’ అని నిలదీసింది. దానికి ఏం చెప్పాలో ఎవరైనా చెప్పండి.