సరిహద్దు ఊళ్లకు అంబులెన్స్: రెండు రాష్ట్రాల కంట్రోల్ రూమ్‌లు కలపాలా, ముందు బండ్లు పెంచాలా?

ప్రాణహిత ఒడ్డు:
మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా, ప్రాణహిత నది ఒడ్డు. పోయిన వానాకాలం మా పెద్దమ్మకు ఛాతీలో నొప్పి వస్తే అత్యవసర నంబరుకు ఫోన్ చేశాను. మా ఇంట్లో ఫోన్ నది అవతలి టవర్‌ను పట్టుకుంటుంది. కాల్ తెలంగాణ వైపు పోయింది. తెలుగులో, మర్యాదగానే మాట్లాడారు. ఏ మండలం అని అడిగారు. మాకు మండలాలు లేవు, తాలూకా అన్నాను. మా ఊరు వాళ్ల జాబితాలో లేదు. మళ్లీ చేయమన్నారు, మళ్లీ అక్కడికే పోయింది. చివరికి పక్కింటి వాళ్ల జీపులో తీసుకెళ్లాం. పెద్దమ్మ బతికింది, కానీ ఆ ఇరవై నిమిషాలు నేను మర్చిపోలేను.
కాల్ ఎటు పోయినా, లొకేషన్‌తో సహా అవతలి కంట్రోల్ రూమ్‌కు వెంటనే బదిలీ కావాలి. ఏ బండి ముందు చేరగలదో అదే రావాలి, ఏ రాష్ట్రానిదైనా సరే.

అంకీసా రైతు:
కంట్రోల్ రూమ్‌లు కలిపితే కొత్త బండి వస్తుందా అన్నా? మహారాష్ట్రలో 108 సేవ 2014లో 937 బండ్లతో మొదలైంది, బండిలో డాక్టర్ కూడా ఉంటారు. మంచి పద్ధతే. కానీ మన దగ్గర ఉన్న బండి ఒక పేషెంటుతో గడ్చిరోలికి బయలుదేరితే దాదాపు 200 కిలోమీటర్లు. అది తిరిగొచ్చేదాకా మిగతా ఊళ్లకు దిక్కెవరు? ఉన్న డబ్బు ముందు బండ్లకు, టవర్లకు పెట్టాలి.

పాత ఈఎంటీ, కాళేశ్వరం వైపు:
నేను ఈఎంటీగా, అంటే దారిలో పేషెంటుకు అత్యవసర చికిత్స చేసే మనిషిగా, బండిలో పనిచేశాను కాబట్టి చెబుతున్నా. టవర్‌ను బట్టి మనిషి ఎక్కడున్నాడో చూస్తే కిలోమీటర్ల తేడా వస్తుంది. ఫోన్‌లోని జీపీఎస్ అయితే ఇంటి దాకా చూపిస్తుంది, నెట్ లేకపోయినా ఎస్సెమ్మెస్‌లో పంపొచ్చు. అసలు చిక్కు నదితో. కాళేశ్వరం దగ్గరున్న బండి వంతెన మీదుగా సిరొంచకు త్వరగానే వస్తుంది. అదే ప్రాణహిత వెంట పైకి పోతే, ఎదురుగా కనిపించే ఊరికి కూడా చుట్టూ తిరిగి రావాలి. కంప్యూటర్ నేరుగా ఉన్న దూరం లెక్కేసి పంపితే పైలట్ (అంబులెన్స్ డ్రైవర్) ఒడ్డున నిలబడిపోతాడు. రోడ్డు మీద పట్టే టైమ్ లెక్కేయాలి. ఏ వాగు పొంగిందో ఆ పూటకు ఆ పూట ఎవరో ఒకరు అందులో ఎక్కించాలి. ఈ పనికి మనిషిని పెట్టకుండా ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చినా లాభం లేదు.

ఆశా కార్యకర్త:
కాన్పుల సంగతి మరవకండి. నొప్పులు మొదలయ్యాక టెన్షన్‌లో ఉన్న మాడియా గిరిజన ఇంటివాళ్లు మరాఠీలో అడ్రస్ చెప్పలేరు, తెలుగులోనూ చెప్పలేరు. తేదీ ముందే తెలుసు కదా. లోపలి ఊళ్ల వాళ్లను కొన్ని రోజుల ముందే మాహేర్‌ఘర్‌కు (కాన్పుకు ముందు గర్భిణులు ఆసుపత్రి దగ్గర ఉండే వసతి) తెచ్చి ఉంచితే అర్ధరాత్రి ఫోన్ చేసే అవసరమే చాలామందికి రాదు. నా ఓటు దీనికే.

అంకీసా రైతు:
ఇంకో ప్రశ్న. అవతలి బండి వస్తే వరంగల్ ఎంజీఎంకే తీసుకుపోతుంది అనుకుందాం. పెద్దాసుపత్రి, మంచిదే. కానీ అక్కడి నుంచి ప్రైవేటుకు పోవాల్సి వస్తే తెలంగాణ ఆరోగ్యశ్రీ మనకు వర్తించదు. ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

ప్రాణహిత ఒడ్డు:
ఖర్చు మాట నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. బండ్లు పెరగాలి, అదీ కాదనను. కానీ 108 హైదరాబాద్‌లో మొదలైంది 2005 ఆగస్టు 15న. ఇన్నేళ్ల తర్వాత కూడా నదికి ఇటు నుంచి వచ్చిన కాల్‌ను అటు కలపలేమంటే నేను ఒప్పుకోను. కొత్త బండి కొనేదాకా ఆగాల్సిన పని కాదిది. ఒడ్డు ఊళ్ల వాళ్లందరూ మీ ఇంట్లో ఫోన్ ఏ వైపు టవర్ పట్టుకుంటుందో, కాల్ ఎటు పోయిందో ఇక్కడ రాయండి. ఊరి పేర్లతో పట్టిక చేసి రెండు వైపుల కలెక్టర్లకూ నేనే ఇచ్చి వస్తాను.