మూడు కిలోల కేన్ స్టూలుకి 21 కిలోల కొరియర్ చార్జీ. పెద్ద సైజు సామాను మీరంతా ఎలా పంపుతున్నారు?

పెందుర్తి_కేన్:
అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో పెందుర్తి దగ్గర మాకు చిన్న వర్క్‌షాప్ ఉంది. కేన్‌తో, వెదురుతో స్టూళ్లు, మూత ఉన్న బట్టల బుట్టలు, ఊయల కుర్చీలు చేయిస్తాం. ఊళ్లో అమ్మకానికి ఇబ్బంది లేదు, ట్రాలీ ఆటో మాట్లాడి మధురవాడ దాకా అయినా పంపేస్తాం. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు పెట్టడం మొదలుపెట్టాక హైదరాబాద్, బెంగళూరు, పుణె వాళ్లు అడుగుతున్నారు, అక్కడే వస్తోంది టెన్షన్ అంతా. స్టూలు 40 సెంటీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు, బరువు మూడు కిలోలు. దాన్ని 45×45×50 అట్టపెట్టెలో పెట్టి కొరియర్ ఆఫీసుకి తీసుకెళ్తే 21 కిలోలకి బిల్లు వేశారు. 1,400 రూపాయల స్టూలుకి బెంగళూరు చార్జీ తొమ్మిది వందల పైన, మీద జీఎస్టీ. కస్టమరేమో "ఫ్రీ షిప్పింగ్ లేదా అండీ" అంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది.

అందరూ ఇలాగే లెక్క వేస్తారా, లేక నన్ను చూసి వేశారా? లారీ, ఆర్టీసీ, రైలు, పోస్టు, వీటిలో ఏది గిట్టుబాటు? చార్జీ ధరలో కలిపేయాలా, విడిగా చూపించాలా? మీ అనుభవం చెప్పండి.

అట్టపెట్టెల_గురూ:
మిమ్మల్ని చూసి వేసింది కాదు గురూ, లెక్క అంతే. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. మీ పెట్టెకి 20.25 వస్తుంది, దాన్ని పైకి సర్ది 21 చేశారు. దీన్ని వాల్యూమెట్రిక్ బరువు అంటారు. అసలు బరువు, ఈ బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. కొందరు 5000 బదులు 4000తో భాగిస్తారు, అప్పుడు అదే పెట్టె 25 కిలోలు దాటిపోతుంది. అందుకని కిలో రేటు ఒక్కటే అడిగి ఊరుకోకండి, దేంతో భాగిస్తారో కూడా అడగండి. చాలామంది అడగరు, బిల్లు వచ్చాక గొడవ పడతారు.

ఇప్పుడు అసలు విషయం. మీరు డబ్బు కడుతున్నది స్టూలుకి కాదు, స్టూలు కాళ్ల మధ్య ఉన్న గాలికి. రేటు తగ్గించమని కొరియర్ వాడిని బతిమాలితే వంద, నూట యాభై తగ్గిస్తాడేమో. పెట్టె తగ్గిస్తే బిల్లే మారిపోతుంది. 40×40×45 స్టూలుకి 45×45×50 పెట్టె ఎందుకు? కేన్ గాజు కాదు కదా. మూలలకి అట్ట ముక్కలు, కాళ్ల కింద కాస్త ఫోమ్ పెట్టి 42×42×47 పెట్టెలో దించండి, 16.6 వస్తుంది, 17కి బిల్లు. ఒక్క రూపాయి బేరం ఆడకుండా నాలుగు కిలోలు పోయాయి. రెడీమేడ్ పెట్టెలు కొనకుండా మీ కొలతకే కార్టన్ చేయించుకోండి. ఫైవ్ ప్లై (ఐదు పొరల అట్ట) తీసుకోండి, త్రీ ప్లై ఇంత సైజులో నడుము విరిగిపోతుంది. ఇంకో మాట, లోపల మరీ కుక్కి పెట్టె పొట్ట ఉబ్బిందంటే మెషిన్ ఆ ఉబ్బిన చోటే కొలుస్తుంది. 42 కాస్తా 44 అవుతుంది.

బుట్టల సంగతి ఇంకా సులువు. పైన వెడల్పు, కింద ఇరుకు ఉండేలా అల్లించండి, ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. లెక్కకి, 42×42×57 పెట్టెలో ఒక్క బుట్ట పంపితే 20 కిలోలు. అదే మూడు బుట్టలు ఒకదాంట్లో ఒకటి దించి 42×42×78లో పంపితే 27.5, అంటే బుట్టకి తొమ్మిది చిల్లర. మూతలు విడిగా పక్కన నిలబెట్టేయొచ్చు. కాబట్టి బుట్ట ఒక్కటి అమ్మకండి, పెద్దది, మధ్యది, చిన్నది సెట్‌గా అమ్మండి.

పెందుర్తి_కేన్:
చాలా థాంక్సండీ. 4000, 5000 తేడా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. కాళ్లు విప్పేసి పంపితే ఎలా ఉంటుంది? మా మేస్త్రి అయితే ఒప్పుకోవట్లేదు, విప్పితే బిగువు పోతుంది, ఊగుతుంది అంటున్నాడు.

అట్టపెట్టెల_గురూ:
మీ మేస్త్రి మాటలో నిజం లేకపోలేదు. కేన్ చుట్టి కట్టిన కాలుని విప్పేలా చేస్తే నిజంగానే ఊగుతుంది. సీటు కింద చెక్క చట్రం పెట్టి, దాంట్లో టీ-నట్ (బోల్టు బిగించడానికి చెక్కలో దించే మర నట్టు) దిగ్గొట్టి, కాళ్లకి బోల్టు ఇస్తే ఊగదు. అప్పుడు పెట్టె 45×45×14 చాలు, 5.67 వస్తుంది, ఆరు కిలోల బిల్లు. 21 ఎక్కడ, ఆరు ఎక్కడ! ఊళ్లో అమ్మేవి పాత పద్ధతిలోనే చేయించండి, బయటికి వెళ్లే మోడల్ ఒక్కటి వేరుగా పెట్టుకోండి. పెట్టెలో బోల్టు బిగించే ఎలెన్ కీ, ఒకటో రెండో బోల్టులు ఎక్కువ వేయండి, బిగించే వీడియో పంపండి. బోల్టు తక్కువైందని ఫోన్ వస్తే ఆ బోల్టు పంపడానికయ్యే ఖర్చు మళ్లీ మీ మీదే.

ఆటోనగర్_లారీ:
పైన చెప్పినవన్నీ కొరియర్‌కి సరిపోతాయి. కానీ ఊయల కుర్చీ లాంటిది కొరియర్‌లో పంపాలనుకోవడమే దండగ, అది ట్రాన్స్‌పోర్ట్ సరుకు. నేను గాజువాక ఆటోనగర్‌లో బుకింగ్ పనిలో ఉన్నాను కాబట్టి లోపలి సంగతి చెప్తాను.

లారీ ఆఫీసులో కిలో రేటు వినగానే మీకు ప్రాణం లేచొస్తుంది, కొరియర్‌లో సగం కూడా ఉండదు. ఆగండి. ఇక్కడ లెక్క ఘనపుటడుగుల్లో. ఒక ఘనపుటడుగుకి ఇన్ని కిలోలు అని పెట్టుకుంటారు, ఒక్కొక్కరిది ఒక్కో లెక్క, ఆరు ఉండొచ్చు, ఎనిమిది ఉండొచ్చు, పది కూడా ఉంటుంది. మీ పాత పెట్టె 3.58 ఘనపుటడుగులు. ఆరు లెక్కన 21.5 కిలోలు, పది లెక్కన దాదాపు 36 కిలోలు. కొరియర్ వాళ్లు 5000తో భాగించడమంటే ఘనపుటడుగుకి 5.66 కిలోల లెక్క అన్నమాట. కిలో రేటు సగమే కానీ కిలోలు డబుల్ అయితే మీకు మిగిలిందేంటి? రెండూ కలిపి అడగండి.

దీని మీద ఎల్ఆర్ (లారీ రసీదు) చార్జీ, హమాలీ, డీజిల్ సర్‌చార్జి, ఇంటి దాకా కావాలంటే డోర్ డెలివరీ వేరే. కనీస బరువు అని కూడా ఒకటి ఉంటుంది, దానికి తక్కువ సరుకు ఇచ్చినా బిల్లు అంతే. అందుకే ఒక్క స్టూలు లారీకి ఇవ్వడం తెలివి తక్కువ. బెంగళూరులో ఏదో కేఫ్ వాళ్లు ఆరు కుర్చీలు, నాలుగు స్టూళ్లు అడిగారనుకోండి, అప్పుడు లారీని మించింది లేదు. గోడౌన్ డెలివరీ, టు-పే (చార్జీ తీసుకునేవాళ్లు కట్టే పద్ధతి) పెట్టేస్తే చార్జీ వాళ్లే అక్కడ కట్టుకుని తీసుకుపోతారు, మీకు తలనొప్పి ఉండదు. కాకపోతే ఇళ్లకి కొనుక్కునే కస్టమర్లకి టు-పే పెట్టకండి. ఊరి చివర గోడౌన్‌కి వెళ్లి సరుకు విడిపించుకోమంటే వాళ్లు మీ పేజీ కింద ఏం రాస్తారో చెప్పక్కర్లేదు. ఎల్ఆర్ మీద 'ఓనర్స్ రిస్క్', అంటే నష్టం సరుకు యజమానిదే అని ఉందా లేదా చదివి సంతకం పెట్టండి. అలా ఉన్నాక విరిగింది అని వస్తే మీ వాదన నిలబడటం కష్టం.

ఎంవీపీ_కుషన్లు:
నేను ఫ్లోర్ కుషన్లు, బీన్ బ్యాగులు అమ్ముతాను, బరువు లేకుండా సైజు మాత్రమే ఉండే సరుకులో నాకంటే సీనియర్లు ఇక్కడ ఉండరేమో. బీన్ బ్యాగ్‌ని ఖాళీ కవరు మాత్రమే పంపి, లోపల నింపే థర్మాకోల్ బీన్స్ వాళ్ల ఊళ్లో కొనుక్కోమంటాను.

ఇక ధర గురించి. "ఫ్రీ షిప్పింగ్" అని పెట్టి మొత్తం ధరలో కలిపేయమని చాలామంది చెప్తారు, నాకు నచ్చదు. పుణె చార్జీ కలిపి 2,300 పెడితే విజయవాడ కస్టమర్ ఎందుకు కొంటాడు? విజయవాడ చార్జీ కలిపితే పుణె ఆర్డర్ వచ్చినప్పుడల్లా మీ జేబు ఖాళీ. నేను మూడు జోన్లు పెట్టుకున్నాను. ఆంధ్రా, తెలంగాణ ఒకటి, కర్ణాటక, తమిళనాడు, ఒడిశా ఒకటి, మిగతా అంతా ఒకటి. అందరికీ అయ్యే కనీస చార్జీని ధరలో కలిపేస్తాను, జోన్ తేడా మాత్రం విడిగా చూపిస్తాను. అలా చేస్తే దూరం వాళ్లకి కనిపించే షిప్పింగ్ అంకె చిన్నదవుతుంది, దగ్గర వాళ్లకి ఫ్రీ అవుతుంది. మనిషి 1,900 వస్తువుకి 250 షిప్పింగ్ కడతాడు కానీ 1,400 వస్తువుకి 750 షిప్పింగ్ కట్టడు, మొత్తం అదే అయినా సరే!

క్యాష్ ఆన్ డెలివరీ ఇస్తున్నారా? పెద్ద సామానుకి ఆపేయండి. వాళ్లు తలుపు దగ్గర వద్దంటే సరుకు వెనక్కి రావడానికీ మీరే కట్టాలి, రెండు వైపులా కలిపి స్టూలు ధర దాటిపోతుంది. కనీసం సగమైనా యూపీఐలో ముందు తీసుకోండి. ఆ సగం కూడా ఇవ్వని వాళ్లు కొనే వాళ్లు కాదులెండి.

మధురవాడ_అమ్మకాలు:
జోన్ల విషయంలో నేను పైన అక్కతో ఒప్పుకోను. పెద్ద మార్కెట్‌ప్లేస్‌లు అలవాటైన కస్టమర్ ఆఖరి పేజీలో ఒక్క రూపాయి అదనంగా కనిపించినా వెళ్లిపోతాడు. మీ సరుకు అందరి దగ్గరా దొరికేదైతే ఫ్రీ షిప్పింగ్ తప్పదు. చేత్తో అల్లింది, వేరే చోట దొరకనిది అయితే అక్క చెప్పింది నడుస్తుంది. మీది రెండో రకం అనుకుంటున్నాను, కానీ ఫొటోలు చూస్తే తప్ప చెప్పలేను.

నేను చెప్పదలచుకున్నది వేరే. అగ్రిగేటర్ (చాలా కొరియర్లని ఒకే చోట బుక్ చేసిపెట్టే వెబ్‌సైట్) ద్వారా పంపితే, బుక్ చేసిన రోజు ఒక రేటు, వారం తర్వాత "మీ పెట్టె మా కొలతలో పెద్దది" అని అదనపు బిల్లు, నాకు పదే పదే వచ్చింది ఈ గోల. ఇప్పుడు ప్రతి పెట్టెకీ లేబుల్ అతికించాక మూడు వైపులా టేపు పెట్టి, అంకె, లేబుల్ రెండూ ఒకే ఫొటోలో కనిపించేలా తీస్తున్నాను, తూకం మీద పెట్టి ఇంకో ఫొటో. అభ్యంతరం పెట్టడానికి గడువు కొద్ది రోజులే ఇస్తారు, డ్యాష్‌బోర్డ్ రోజూ చూడకపోతే డబ్బు వాలెట్‌లోంచి కోసేస్తారు. ఫొటోలు ఉన్నవి చాలావరకు తిరిగొచ్చాయి.

మన రాష్ట్రంలో అయితే ఆర్టీసీ కార్గో మర్చిపోకండి. ద్వారకా బస్ స్టేషన్‌లో, అదే మన కాంప్లెక్స్‌లో, బుక్ చేసి రాజమండ్రి, విజయవాడ పంపితే తొందరగా చేరుతుంది. చాలాసార్లు కస్టమర్ బస్టాండ్‌కి వచ్చి తీసుకోవాలి, ముందే చెప్పేయండి. స్పీడ్ పోస్ట్‌లో 35 కిలోల దాకా తీసుకుంటారు, పల్లెటూరి పిన్‌కోడ్‌లకి అదే దిక్కు, కానీ అక్కడా సైజు లెక్క ఉంది. రైలు పార్శిల్ చవకే. కానీ స్టేషన్‌కి మీరు తీసుకెళ్లాలి, అక్కడ కస్టమర్ వచ్చి విడిపించుకోవాలి, ఆలస్యమైతే వార్ఫేజ్, అంటే సరుకు అక్కడ ఉంచినందుకు రుసుము కట్టాలి. దుకాణాలకి పంపడానికి తప్ప ఇళ్లకి నేను వాడను.

పెందుర్తి_కేన్:
అందరికీ పేరుపేరునా థాంక్స్. బుట్టలు సెట్‌గా పెడతాను, స్టూలు బోల్టుల మోడల్ ఒకటి చేయించి చూస్తాను, మేస్త్రిని ఒప్పించే బాధ్యత నాది. ఊయల కుర్చీలు ప్రస్తుతానికి విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం, అనకాపల్లి వరకే అని పేజీలో రాసేస్తున్నాను. ఇంకో సందేహం, మాకు ఇంకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు, టర్నోవర్ అంత రాదు. వేరే రాష్ట్రానికి పంపొచ్చా?

ఎంవీపీ_కుషన్లు:
మామూలు సరుకైతే రాష్ట్రం దాటి అమ్మాలంటే టర్నోవర్‌తో పని లేకుండా రిజిస్ట్రేషన్ ఉండాలి. హస్తకళల వస్తువులకి మాత్రం టర్నోవర్ 20 లక్షలు దాటే వరకు మినహాయింపు ఉంది. కాకపోతే పాన్ ఉండాలి, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం) తీయాలి. అందరికీ తెలిసిన 50,000 రూపాయల పరిమితి ఇక్కడ వర్తించదు, 1,400 స్టూలుకైనా తీయాల్సిందే. మీ కేన్ సామాను ఆ నోటిఫికేషన్ జాబితాలోకి వస్తుందో లేదో, మార్కెట్‌ప్లేస్‌లో పెడితే ఏమవుతుందో ఆడిటర్‌ని ఒకసారి అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. కేఫ్‌లు, ఆఫీసులకి అమ్మాలనుకుంటే మాత్రం జీఎస్టీ తీసేసుకోవడమే మేలు, వాళ్లు బిల్లు లేకుండా కొనరు. పైగా కొరియర్ వాడు వేసే 18 శాతం జీఎస్టీ కూడా మీకు క్రెడిట్ వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గుతుంది.

అట్టపెట్టెల_గురూ:
ఒకటి చెప్పడం మర్చిపోయా. మన సముద్రపు గాలి, పైగా వానాకాలం. కేన్ పూర్తిగా ఆరకుండా స్ట్రెచ్ ఫిల్మ్ చుట్టేస్తే పుణె చేరేసరికి బూజు పట్టి ఉంటుంది, రిటర్న్ గ్యారంటీ. ప్యాకింగ్‌కి ముందు గాలి తగిలే నీడలో బాగా ఆరనివ్వండి, లోపల కాగితం చుట్టి, సిలికా జెల్ ప్యాకెట్లు వేసి, పైన మాత్రమే ప్లాస్టిక్. బోల్టుల మోడల్ కొలతలు ఖాయం అయ్యాక ఇక్కడ పెట్టండి, కార్టన్ సైజు నేను లెక్క వేసి చెప్తాను.