మత్తయి 6:15ని పిల్లలకు ఎలా వివరించాలి?

అందరికీ వందనాలు. సికింద్రాబాద్‌లో మా సంఘం సండే స్కూల్లో 12–14 ఏళ్ల పిల్లలకు చెబుతున్నాను. మూడు ఆదివారాలుగా ఒకే చోట ఆగిపోయాం.

ఎఫెసీ 1:7 ప్రకారం క్షమాపణ క్రీస్తు రక్తం వల్ల, దేవుని కృపను బట్టి దొరికేది. మనం సంపాదించుకునేది కాదు. ఇది పిల్లలకు బాగానే ఎక్కింది. తర్వాత మత్తయి 6:15 చదివాం: మనం మనుషుల్ని క్షమించకపోతే తండ్రి కూడా మనల్ని క్షమించడు. ఒక పాప వచనం మీద వేలు తీయకుండానే అడిగింది, "అక్కా, నాన్నకీ బాబాయికీ మాటల్లేవు. మరి నాన్నకి క్షమాపణ లేదా?"

మత్తయి 18లోని ఉపమానం చెప్పి చూశాను: రాజు ఒక దాసుడి పదివేల తలాంతుల బాకీ మాఫీ చేస్తాడు, ఆ దాసుడు మాత్రం తోటి దాసుడి చిన్న బాకీ వదలడు, దాంతో రాజు అతన్ని శిక్షకు అప్పగిస్తాడు. బోర్డు మీద ఆనాటి డబ్బు లెక్క కూడా వేశాను: దేనారం రోజు కూలి, తలాంతు దాదాపు 6,000 దేనారాలు. పదివేల తలాంతులంటే 6 కోట్ల రోజుల కూలి. తోటి దాసుడి బాకీ 100 రోజులదే. పిల్లలు నోరెళ్లబెట్టారు. కానీ "రాజు మాఫీ వెనక్కి తీసుకున్నాడుగా" అని ఆ పాపే మళ్లీ పట్టుకుంది. క్షమించడం కృప పొందినవాళ్లలో కనబడే ఫలం, దానికి కట్టే వెల కాదని చెప్పాను. నేను నమ్మేదీ అదే. పాస్టర్ గారూ అదే అన్నారు. పాప ముఖంలో భయం మాత్రం పోలేదు.

కృప ఉచితమన్న మాట తగ్గకుండా, యేసు హెచ్చరిక పలచన కాకుండా, ఈ వచనాన్ని ఆ పాపకి మీరైతే ఎలా చెబుతారు?