జైలు నుంచి వచ్చినవాడికి చర్చి తాళాలు ఇవ్వొచ్చా?

పటమట తమ్ముడు:
అందరికీ వందనాలు. మా చర్చికి వాచ్‌మన్ కావాలి. దొంగతనం కేసులో శిక్ష పూర్తిచేసుకుని రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచి వచ్చిన ఒకాయన పని అడిగాడు. లోపల ఉన్నప్పుడు జైలు వాళ్ళ పెట్రోల్ బంకులో డబ్బు లెక్కపెట్టిన మనిషే. పాస్టర్ గారు సరే అన్నారు. కమిటీలో సగంమంది కుదరదన్నారు. ప్రతి డిసెంబరులో మా విజయవాడ గాంధీనగర్ జైలుకి కేకులు పట్టుకెళ్ళేది ఈ కమిటీయే. "చెరసాలలో ఉంటిని, నాయొద్దకు వచ్చితిరి" అని మత్తయి 25 మాట బ్యానర్ కూడా కొట్టించాం. చెరసాల దాటి అతనే మన దగ్గరికొస్తే గేటు వేసేద్దామా?

సింగ్‌నగర్ అక్క:
తమ్ముడూ, మా అమ్మ మెడలో గొలుసు లాక్కుపోయినప్పుడు ఆవిడ రోడ్డు మీద పడి తుంటి ఎముక విరిగింది. గొలుసు పోయింది, వాకర్ వచ్చింది. ఇప్పటికీ వెనక బండి చప్పుడైతే కొంగు మెడకి చుట్టుకుంటుంది. జైలుకి కేకులు తీసుకెళ్ళేవాళ్ళు మా ఇంటికి ఒక్కరూ రాలేదు. "క్షమించండమ్మా" అని మాత్రం ఫోన్లో ముగ్గురు చెప్పారు. బైబిల్లో పన్నులు వసూలుచేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు కదా, ఆ వచనం ఏ బ్యానర్ మీదా కనపడదేం?

కోర్టు గుమాస్తా:
అక్కగారు అడిగింది న్యాయమే. ఖైదీల కూలిలో కొంత బాధితులకి చేరేలా చట్టం చెయ్యమని 1998లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకో సంగతి. 2022 లెక్కల ప్రకారం దేశంలో జైళ్ళలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే, నేరం ఇంకా రుజువు కాలేదు. బెయిల్ వచ్చినా జామీను పెట్టే దిక్కులేక లోపలే ఉండిపోయేవాళ్ళని రోజూ చూస్తుంటాను. అలాంటి పేదలకి జామీను డబ్బు ఇచ్చే కేంద్ర పథకం 2023 నుంచి ఉంది. దరఖాస్తు కదిలించే మనిషే ఉండడు. కేకుల బదులు ఆ కాగితాలు పట్టుకు తిరగండి.

బందరు రోడ్డు:
కానుకల పెట్టె కూడా అతని చేతికే ఇవ్వండి, ఓ పనైపోతుంది 😀

పటమట తమ్ముడు:
ఇప్పటిదాకా ఆ పెట్టె ఎవరి చేతిలో ఉందో, లెక్క ఎన్నాళ్ళకోసారి చదువుతారో అడగకండి సార్.

అక్కా, మీ మాట రాత్రంతా నన్ను నమిలింది. బైబిల్లో ఫిలేమోనుకి పౌలు రాసిన ఉత్తరం మళ్ళీ తీశాను. ఫిలేమోను దాసుడు ఒనేసిమును తిరిగి చేర్చుకోమని పౌలు ఊరికే బతిమాలలేదు. అతని వల్ల నీకు నష్టం జరిగివుంటే "అది నా లెక్కలో చేర్చుము" అన్నాడు. అదీ తను బంధకాల్లో, అంటే జైల్లో ఉండి! మేం ఆ బాకీ ఊసే లేకుండా జాలి పడుతున్నాం. అందుకని కమిటీలో ఇలా పెడుతున్నాను: పని ఇద్దాం, ఏదైనా పోతే సంఘమే కట్టుకునేలా ముందే రాసుకుందాం. అతన్నీ అడిగాను. "తాళాలు ఇప్పుడే వద్దు సార్, ఏది పోయినా ముందు నన్నే చూస్తారు" అన్నాడు. కుర్చీలు, మొక్కలు చూసుకుంటాడట.

మీకు అభ్యంతరం లేకపోతే అమ్మగారిని చూడ్డానికి వస్తాం. వాక్యం చెప్పం, కూర్చుని వస్తాం.

సింగ్‌నగర్ అక్క:
ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. "మన గొలుసు లాగినవాడు కాదుగా?" అంది. కాదన్నాను. కాసేపాగి, "రాత్రి డ్యూటీ మాత్రం వెయ్యొద్దను" అంది. శనివారం సాయంత్రం రండి.