ఏమ్స్ టెస్ట్ నెగటివ్ వస్తే నిశ్చింతగా ఉండొచ్చా?

అందరికీ నమస్కారం. రసాయనాలు పరీక్షించే ల్యాబ్‌లో కొత్తగా చేరాను. ఏమ్స్ టెస్ట్ అంటే ఒక రసాయనం బ్యాక్టీరియా డీఎన్ఏలో మార్పులు తెస్తుందో లేదో చూసే పరీక్ష; తెస్తే అది క్యాన్సర్ కారకం కావచ్చని అనుమానిస్తారు. హిస్టిడిన్ (ఈ బ్యాక్టీరియా సొంతంగా చేసుకోలేని అమైనో ఆమ్లం) దాదాపు లేని ప్లేట్ల మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా కాలనీలు లెక్కపెట్టడం నా పని. డీఎన్ఏ మారి, హిస్టిడిన్ మళ్లీ చేసుకోగలిగినవే అక్కడ చుక్కల్లా పెరుగుతాయి. నిన్న ఒక రసాయనానికి, ఎలుక కాలేయం నుంచి తీసిన ఎస్9 (శరీరంలో లాగే రసాయనాన్ని మార్చే ఎంజైముల మిశ్రమం) కలిపినా, ఆ రసాయనం వేయని కంట్రోల్ ప్లేట్‌లో ఉన్నన్ని చుక్కలే వచ్చాయి. నెగటివ్ అని రాసి సంతకం పెట్టాను గానీ మనసు ఒప్పుకోవట్లేదు. బెంజీన్ కూడా ఈ టెస్టులో నెగటివే కదా, అది మనుషులకు బ్లడ్ క్యాన్సర్ తెస్తుంది! అటు సోడియం అజైడ్ గట్టి పాజిటివ్, ఎలుకల్లో మాత్రం క్యాన్సర్ కనబడలేదు.

1975లో ఏమ్స్ టెస్ట్ క్యాన్సర్ కారకాల్లో 90 శాతం దాకా పట్టుకుంటుందన్నారు. 1987లో అమెరికాలో 73 రసాయనాలు చూస్తే, ఏమ్స్‌తో సహా ఇలాంటి నాలుగు ల్యాబ్ టెస్టుల్లో ఒక్కోటీ ఎలుకల ఫలితాలతో సుమారు 60 శాతమే కలిసింది.

మైక్రోన్యూక్లియస్ టెస్ట్ (కణాల్లో క్రోమోజోములు దెబ్బతిన్నాయా అని చూసేది) జోడిస్తే నమ్మకం నిజంగా పెరుగుతుందా, తప్పుడు పాజిటివ్‌లే పెరుగుతాయా? ఈ పనిలో ఉన్నవాళ్లు మీరెలా తేల్చుకుంటారో దయచేసి చెప్పండి.