అప్‌డేట్: మా ఊరి కైఫీయత్తు దొరికింది

జమ్మలమడుగు దగ్గర మా ఊరి పాత చరిత్ర ఎక్కడ వెతకాలి, స్టూడెంట్ కానివాణ్ని యూనివర్సిటీ లైబ్రరీలోకి రానిస్తారా అని రెండు నెలల కింద అడిగినా కదా. కైఫీయత్తులో, అంటే రెండొందల ఏళ్ల కింద కంపెనీ అధికారి మెకంజీ సేకరింపజేసిన ఊర్ల చరిత్రల్లో, దొరికింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది శోధ్‌గంగలో (పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్) వెతకమన్న సలహా. గండికోట మీద ఒక థీసిస్ ఫుట్‌నోట్‌లో మెకంజీ కైఫీయత్తుల ప్రస్తావన కనబడింది. ఆ ఆధారంతో కడపలో యోగి వేమన యూనివర్సిటీ కింద ఉన్న బ్రౌన్ గ్రంథాలయానికి పోయినా. మొదటిరోజు ఉత్త చేతుల్తో తిరిగొచ్చినా, విషయసూచికలో మా ఊరి పేరే లేదు. రెండోసారి చూస్తే పక్క ఊరి కైఫీయత్తు లోపల ఉంది, చెరువు, గుడి మాన్యాలతో సహా! చుట్టుపక్కల ఊర్ల పేర్లు కూడా రాసుకుని పోండి.

ఇంకోటి, వాటిలోని సంవత్సరాలు క్రీస్తుశకంలోకి మార్చాలంటే ఫసలీకి (రెవెన్యూ లెక్కల సంవత్సరం) 590 కలపాల, శాలివాహన శకానికి 78. నేను ఫసలీ 1220ని క్రీస్తుశకం అనుకుని ఒక సాయంత్రమంతా కాకతీయుల కాలంలో తిరిగినా.

లైబ్రరీలోకి పోవడానికని ప్రొఫెసర్ లెటర్ కోసం పడిన తిప్పలు దండగ, నన్నెవరూ అడగలేదు. కైఫీయత్తుల రాతప్రతుల కోసం చెన్నై ప్రయాణమూ తప్పింది. 1875 నాటి గ్రిబుల్ రాసిన కడప జిల్లా మాన్యువల్ జిల్లా సంగతులకు బాగుంది గానీ మా ఊరికి పనికిరాలేదు.