హైకోర్టు న్యాయమూర్తుల బదిలీకి గడువు ఉందా?

కొలీజియం (సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, సీనియర్ న్యాయమూర్తుల బృందం) సిఫార్సు చేసిన బదిలీని కేంద్రం ఎంతకాలం పెండింగ్‌లో ఉంచవచ్చో తెలుసుకోవాలని బదిలీలకు సంబంధించిన రాజ్యాంగంలోని 222వ అధికరణం, సుప్రీంకోర్టు ఇచ్చిన 1993 నాటి తీర్పు, 1998 నాటి సలహా అభిప్రాయం చదివాను. బదిలీకి న్యాయమూర్తి సమ్మతి అవసరం లేదనీ, ఇరు హైకోర్టుల ప్రధాన న్యాయమూర్తుల అభిప్రాయాలు తీసుకోవాలనీ అర్థమైంది. గడువు మాత్రం ఎక్కడా కనిపించలేదు. కేంద్రం అభ్యంతరం చెప్పాక కూడా కొలీజియం ఏకగ్రీవంగా పునరుద్ఘాటించిన (మళ్లీ సిఫార్సు చేసిన) పేర్లను మూడు నాలుగు వారాల్లో నియమించాలని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో చెప్పింది కానీ, అది కొత్త నియామకాల గురించి. న్యాయవ్యవస్థ స్వతంత్రతకు బదిలీ కూడా అంతే కీలకం కనుక ఈ సందేహాన్ని వదిలేయలేకపోతున్నాను. పునరుద్ఘాటించిన బదిలీ సిఫార్సుకు కూడా ఆ గడువు వర్తిస్తుందని చెప్పిన తీర్పు ఏదైనా ఉందా?